మంచుకొండ గాలి - ముందెఱుక



మంచు కురియుటను నేను కన్నులార చూచినవాడను కాను. మా యూరు భీమునిపట్టణమునకు ఉత్తరముగా సముద్రపుటొడ్డున నున్నది. మాకు మంచనగా పుష్యమాసపు వేకువను తాటియాకుల కొనలనుండి జారు చుక్కలే. అట్టి నేను, హిమవత్పర్వతముమీద చలికాలమున వీచు పెనుగాలులను, అచ్చట కురియు మంచును, వానిని ముందుగా తెలిసికొను విధమును గూర్చి ప్రసంగింపబూనుట సాహసమని కొందఱు తలపవచ్చును. కాని ఆ కొండమంచునకును మా కడలిగాలికిని గల చుట్టఱికము 2014వ సంవత్సరమున నాకు తెలియవచ్చినది. తెలియవచ్చిన తీరు నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను దానితోనే ప్రారంభించెదను.

జయనామ సంవత్సరము, ఆశ్వయుజ బహుళపక్షము. అండమాను సముద్రమున పుట్టిన వాయుగుండము తుపానై, హుద్‌హుద్ అను పేరు దాల్చి, విశాఖపట్టణమువైపు వచ్చుచున్నదని వాతావరణశాఖవారు దినముల ముందే తెల్పిరి. రేడియో మాటిమాటికి ఆ మాటయే చెప్పుచుండెను. అక్టోబరు 11వ తేది సాయంకాలమున మా యూరి గొల్లపేటనుండి ఒక ముదుసలి వచ్చి వాకిట నిలిచి, "పంతులు బాబూ, పెద్ద గాలివాన వస్తాదని రేడియోలో చెప్తన్నారు. మందని మిట్టమీద బడికాడికి తోలీమంటారా?" అని యడిగెను.

నేను అరుగు దిగి ఆకసమును చూచితిని. సన్నని తుంపర తప్ప మఱేమియు లేదు. తాటిమట్ట కదలుట లేదు. "తొందరయేల? తెల్లవారనీ, చూతము" అంటిని. ఆ యూరి పిల్లలకు ఏండ్లతరబడి అక్షరములు దిద్దించిన వాని నోటిమాట గనుక అతడు నమ్మి మరలిపోయెను.

తెల్లవారిన తరువాత చూచుటకు వ్యవధి లేకపోయెను. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో గాలి మధ్యాహ్నవేళకు విశాఖపట్టణమువద్ద తీరము దాటెను. మా తాడితోపు సగము నేలకొఱగెను. గొల్లపేటలో గొఱ్ఱెలసాల మట్టిగోడ కూలి ఇరువదిమూడు జీవములు నలిగిపోయెను. నేను పోయి ఆ ముదుసలియెదుట నిలిచినప్పుడు అతడు నన్నొక్క మాటయు ననలేదు. "మీరేటి సేస్తారు బాబూ, గాలి అలాటిది" అనెను. ఆ మాటకంటె తిట్టియుండినచో నాకు సుఖముగా నుండెడిది.

కొన్నిదినములకు కరెంటు వచ్చినది, వార్తాపత్రికయు వచ్చినది. అందులో నేపాళదేశపు వార్త యొకటి చదివితిని. మామీదుగా పోయిన ఆ వాయుగుండమే బలము తగ్గి, ఉత్తరముగా నడచి, 14వ తేదికి హిమాలయమును చేరినది. అచ్చట పడమటినుండి వచ్చు పైగాలుల ద్రోణి యొకటి దానికెదురై, సముద్రపు తేమనంతను కొండకెత్తించినది. మాకడ జడివానగా కురిసినది అన్నపూర్ణ పర్వతప్రాంతమున మంచుగా కురిసినది. 5,416 మీటర్ల యెత్తున థొరాంగ్ అను కనుమ కలదు. దానిని దాటి దిగినచో ముక్తినాథ క్షేత్రము. మన యిండ్లలో పూజలందు సాలగ్రామములు పుట్టు గండకీనది ఆ లోయలోనిదే. ఆ కనుమమీదను, ఆ చుట్టుప్రక్కలను పెనుగాలికి మంచునకు చిక్కి నలువదిమందికి పైగా మరణించిరి. యాత్రికులు, వారికి దారిచూపువారు, బరువులు మోయువారు, జడలబఱ్ఱెల కాపరులు అందు గలరు. ముందురోజు ఆకసము బాగుగానే యుండెననియు, ఎవరును తమకు చెప్పలేదనియు బ్రతికివచ్చినవారిలో పలువురు చెప్పిరి.

పెద్దలారా, ఆ వార్త చదివి నేను చాలసేపు ఊరకుంటిని. వారికి చెప్పువారు లేకపోయిరి. మావానికి చెప్పువారుండిరి, నడుమ నేనడ్డము వచ్చితిని. గాలిని, మంచును ముందుగా తెలిసికొనుట యెట్లో నేర్వవలెనన్న కోరిక నాకప్పుడు పుట్టినది. నాటినుండి చదివి తెలిసికొన్నదానిని నాకు తోచినంత తేటగా చెప్పెదను.

చలికాలమున మన తూర్పుసముద్రము సాధారణముగా హిమాలయముదాక పోదు. హిమాలయమునకు, అందును కాశ్మీరము, హిమాచలము, గఢ్వాల్, కుమావూఁ ప్రాంతములకు, మంచు తెచ్చునది పడమటి దారి. మధ్యధరాసముద్రము, కాస్పియను సముద్రముల వైపున పుట్టిన గాలిసుడులు ఇరాను, ఆఫ్ఘనిస్తానము, పాకిస్తానముల మీదుగా తూర్పునకు సాగివచ్చును. వీనికి పశ్చిమ విక్షోభములని పేరు. చలికాలమున నెలకు నాలుగైదు వచ్చుట సామాన్యము. వీనిని నడిపించు ఏఱొకటి ఆకసమున గలదు. నేలకు 9 మొదలు 12 కిలోమీటర్ల యెత్తున, పడమటినుండి తూర్పునకు, గంటకు 200 కిలోమీటర్లకు మించిన వడితో ప్రవహించు ఆ గాలిని జెట్ ప్రవాహమందురు. చలికాలమున అది దక్షిణమునకు దిగి హిమాలయపు టంచుననే పాఱును. కాలువలో నీరు వడిగా పాఱునప్పుడు సుడులు నీటితోపాటు కొట్టుకొనిపోవుట మీరెఱుగుదురు. పశ్చిమ విక్షోభములు అట్టి సుడులు.

ఆ సుడి వచ్చి కొండకు తగిలినంతనే తేమగాలి పైకెక్కక తప్పదు. కిలోమీటరెత్తునకు సుమారు ఆఱున్నర డిగ్రీల చొప్పున చలి హెచ్చును. అందుచేత ఒకే మబ్బు క్రింది లోయలో వాన కురియును, నడికొండను తడిమంచు, శిఖరమున పొడిమంచు కురియును. సుమారు పదియంగుళముల కొత్తమంచు కరగినచో ఒక అంగుళము నీరగును. పొడిమంచైనచో అంతకు తక్కువ. సుడి దాటిపోయిన వెనుక ఉత్తరపు చలిగాలి మైదానములకు దిగును. ఆదిలాబాదు సీమను పుష్యమాఘములలో వణకించు చలికిని, మా లంబసింగి మన్యమున గడ్డిమీద పేరుకొను తెల్లనిపొడికిని మూలమొక పాలు అచ్చటనే యున్నది.

జెట్ ప్రవాహము ఎంత యెత్తున నున్నదో చెప్పితిని. ఎవరెస్టు శిఖరము 8,849 మీటర్లు. అనగా చలికాలమున ఆ శిఖరము ఆ గాలియేటిలో తల దూర్చి నిలిచియుండునన్నమాట. అప్పుడు శిఖరమునుండి తూర్పువైపునకు తెల్లని పొగవంటిది సాగి కనబడును. తర్కము చదువుకొన్న మావంటివారికి మొదటిపాఠము పర్వతముమీది పొగను చూచి నిప్పునూహించుట. ఇచ్చట పొగ పొగ కాదు, గాలి యెగురగొట్టు మంచుపొడి. ఊహింపవలసినది నిప్పును కాదు, గాలిని. ఆ తోక యెంత పొడవుగా, ఎంత అడ్డముగా సాగిన గాలి అంత ఘోరమని కొండనెఱిగినవారు చెప్పుదురు.

వైశాఖ జ్యేష్ఠములలో జెట్ ప్రవాహము ఉత్తరమునకు జరుగుటచే శిఖరముమీద కొన్నిదినములు గాలి తగ్గును. 1953 మే 29న మొదటివారు ఆ శిఖరమెక్కినదియు, మన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ పదునాలుగేండ్లైనను నిండకముందే 2014 మే 25న ఎక్కినదియు ఆ తెఱపిలోనే. చలికాలమున ఆ శిఖరమెక్కుట 1980 ఫిబ్రవరిదాక ఎవరికిని సాధ్యము కాలేదు. నేడు ఆ తెఱపి యేదినమున వచ్చునో ముందే లెక్కగట్టి చెప్పనిదే ఎవరును పైకి కదలరు.

పూర్వులకు ఈ జ్ఞానము లేదా యందురేని, లేకేమి? కాశ్మీరమున చలికాలమును మూడుభాగములు చేసిరి. డిసెంబరు 21 నుండి నలువదిదినములు చిల్లై కలాన్, అనగా పెద్దచలి. తరువాత ఇరువదిదినములు చిన్నచలి. ఆపైని పదిదినములు పసిచలి. పెద్దచలిలో కురిసిన మంచు గట్టిపడి వేసవిదాక నిలిచి ఏళ్ళకు నీరిచ్చుననియు, తరువాత కురిసినది త్వరగా కరగిపోవుననియు వారెఱుగుదురు. మన కార్తెలును అట్టివే. శివరాత్రితో చలి శివశివ యనుచు పోవునని మన పెద్దలన్నదియు అట్టిదే. ఈ యెఱుకను నేను తక్కువచేయను. కాని ఇది యేటేట వచ్చు కాలమునకు గుఱుతు. రేపటి గాలికి గుఱుతు కాదు. పంచాంగము ఋతువును చెప్పగలదు, తుపానును చెప్పజాలదు. నా వాకిట ఆకసము ప్రశాంతముగా నున్నది గనుక తుపాను రాదనుట తర్కశాస్త్రమున హేత్వాభాసము. అనగా హేతువువలె కనబడునేగాని హేతువు కాదు. ఆ శాస్త్రము చదివినవాడనై నేనే ఆ తప్పు చేసితిని.

రేపటి గాలికి గుఱుతు లెచ్చటివి? ఎన్నోచోట్ల, ఎంతోయెత్తున గలవు. ప్రతిదినము రెండుమాఱులు, మన కాలమానమున ఉదయము అయిదున్నరకు సాయంకాలము అయిదున్నరకు, లోకమంతట వందలచోట్ల ఒక్కసారిగా బుడగలు వదలుదురు. వానికి గట్టిన చిన్నయంత్రములు వేడిమిని, తేమను, గాలిని కొలిచి క్రిందికి తెల్పును. మన శ్రీహరికోటనుండి 2016లో ఒకటి, 2024లో మఱొకటి పైకిపోయిన ఇన్‌శాట్ ఉపగ్రహములు మబ్బులను రేయింబవళ్ళు కనిపెట్టియుండును. 2021లో ముక్తేశ్వర్, కుఫ్రీ కొండలమీద రాడారులు నిలిపిరి. ఈ కొలతలన్నియు గణనయంత్రములలో పోసి, గాలి కదలిక సూత్రములచే, రేపు, ఎల్లుండి, ఆపై నాలుగైదుదినములు ఏది యెచ్చట నుండునో లెక్కింతురు. ఇరానులో నేడు నడచుచున్న సుడి కాశ్మీరమును ఎన్నడు చేరునో చెప్పుట ఇప్పుడు కష్టము కాదు.

కష్టమంతయు కొండలోనే యున్నది. ఆ లెక్క దేశమును గళ్ళు గళ్ళుగా విభజించి చేయునది. మన వాతావరణశాఖవారు 2025 మే నెలలో ప్రారంభించిన పద్ధతిలో గడి వెడల్పు 6 కిలోమీటర్లు, అంతకుముందు 12. మా జాలరులు వలకన్ను పెద్దదైన చిన్నచేప జాఱిపోవునందురు. హిమాలయమున ఒక గడిలోనే ఒక శిఖరము, రెండులోయలు, ఒక కనుమ ఇమిడిపోవును. ఎండ తగులు ప్రక్క వేఱు, నీడప్రక్క వేఱు. కనుమ ఇఱుకైనచోట గాలి, కాలువ తూమున నీటివలె, రెట్టింపు వడిగా దూకును. ఒక్క డిగ్రీ వేడిమి భేదముచే మంచు వానగా మాఱును. రాడారు చూపునకు ఎదుటి కొండయే అడ్డము. కావున "ఈ జిల్లాలో 3,000 మీటర్లపైన భారీగా మంచు కురియును" అని చెప్పగలరుగాని, "నీ యింటిముందు ఇంత" యని చెప్పలేరు. "కురియవచ్చును" అని వారనినప్పుడు అది పిఱికిమాట కాదు, నిజాయితీగల మాట.

గాలిని వేఱుగా, మంచును వేఱుగా చెప్పిన చాలదు. మా భీమునిపట్టణపు తీరమున గాలి ఇసుకదిబ్బను ఒకవైపు త్రవ్వి రెండవవైపు పోయుట నిత్యము చూచుచుందుము. మంచుకొండలమీదను అంతే. ఎదురుగాలి ప్రక్కనుండి మంచును తోలి చాటుప్రక్కను పోయును. ఆకసమునుండి మూరెడు కురిసినచోట గాలి తెచ్చి మూడుమూరలు చేర్చును. అడుగుపొఱ బలహీనమైనచో ఆ బరువు నిలువదు. చరియగా విఱిగి ఊళ్ళమీద పడును. పెంకుటింటి కప్పు వాలుగాని, అంతకు కొంచెమెక్కువ వాలుగాని గల కొండప్రక్కలే ఇందుకు ప్రమాదస్థానములు. మఱీ నిటారైనచో మంచు నిలువక ముందే రాలిపోవును. 2005 ఫిబ్రవరిలో కాశ్మీరమున దినములతరబడి మంచు కురిసిన తరువాత వాల్టెంగు నార్ అను గ్రామము మంచుచరియ క్రింద పడి నూటయేబదిమందికి పైగా మరణించిరి. మనాలిలో 1969లో రక్షణశాఖవారు నెలకొల్పిన సంస్థతో మొదలై, మంచుచరియలను ముందుగా తెల్పు కృషి మన దేశమున నేటికి సాగుచున్నది. ఏ ప్రాంతమున అపాయ మెంతయో అయిదుమెట్లుగా లెక్కగట్టి ప్రకటింతురు. సైనికులు, బాటలు వేయువారు, కొండపల్లెలవారు దానినిబట్టి నడచుకొందురు.

"పంతులుగారూ, కొండమంచు మాకెందుకు?" అని ఏ పెద్దమనిషియైన అడుగునేమో. మన తాతలు ధాత కఱవని చెప్పుకొన్న 1876-77 నాటి మహాక్షామము తరువాత, వానలు తప్పునని ముందే తెలిసికొను దారి గలదాయని దొరతనమువారు అడిగిరి. అప్పటికి 1875లో ఏర్పడిన వాతావరణశాఖకు మొదటి అధికారి బ్లాన్‌ఫర్డ్ అనునాయన. హిమాలయముమీద మంచు విశేషముగా కురిసి వేసవిదాక నిలిచిన యేట మైదానములపై పొడిగాలులు వీచి తొలకరి వెనుకబడుచున్నదని ఆయన గమనించి 1884లో ప్రకటించెను. దానినిబట్టియే 1886 జూన్ 4న దేశమున మొదటిసారి వర్షకాలపు ముందస్తు సూచన వెలువడినది. మంచు ఒక్కటియే కారణము కాదని, మహాసముద్రముల వేడిమి అంతకు మిక్కిలి ముఖ్యమని తరువాతివారు తెలిసికొనిరి. అయినను మన వరిమడికి నీరు వచ్చునో రాదో తెలిసికొనుటకు మొదట చూచినది ఆ తెల్లకొండనే. మంచు తక్కువైన యేట గంగా, సింధు నదులకు వేసవినీరు తగ్గును. పడమటి సుడులు తెచ్చు శీతకాలపు వాన లేక ఉత్తరదేశపు గోధుమచేలు వెలవెలబోవును. ఒక కొండమీది లోటు ఒక కొండతో పోదు.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. బుడగ యెగురగొట్టినవాడు తన పని చేసెను. ఉపగ్రహము తన పని చేసెను. లెక్కగట్టినవాడు నిద్రమాని చేసెను. రేడియో చెప్పెను. ఇన్ని చేతులు దాటివచ్చిన మాట చివరకు ఒక వాకిటికి వచ్చి నిలుచును. అచ్చట గొల్లవాడో, జాలరియో, మంచుకొండమీదనైన జడలబఱ్ఱెల కాపరియో, "ఏమందురు?" అని పెద్దవానిని అడుగును. అతడు నమ్మునది యంత్రమును కాదు, ఎదుటి మనిషిని. అప్పుడు పెద్దవాడు "చూతములే" యనినచో అంతవఱకు జరిగిన శ్రమయంతయు ఆ యొక్క మాటతో నీటిపాలగును. హెచ్చరిక యనునది వెలువడిన చోట పూర్తికాదు; విన్నవాడు కదలినప్పుడే పూర్తియగును.

హెచ్చరిక తప్పిన దినములును గలవు. గాలివాన వచ్చునని మందను తోలుకొనిపోగా చిఱుజల్లుతో పోయిన దినములు మాయూరనే గలవు. అప్పుడు నవ్వువారుందురు. వారితో నేననునది ఇది: రాత్రియంతయు కావలికాచి దొంగ రాకున్న, కావలి వ్యర్థమని మఱునాడు మానుదుమా? మందను మిట్టకు తోలుటకు అయిన శ్రమ ఒక పూట. తోలకపోవుటచే అయిన నష్టమును నేను నా కన్నులతో లెక్కపెట్టితిని, ఇరువదిమూడు.

పెద్దలారా, మీరు నాకంటె ఎక్కువ ఎండలను వానలను చూచినవారు. మీ యనుభవమును మానుకొమ్మని నేను కోరను. ఏ వాగు ముందు పొంగునో, ఏ గోడ బలహీనమో, ఏ గుడిసెలో నడవలేని ముసలమ్మ యున్నదో ఏ యుపగ్రహమునకును తెలియదు, మీకే తెలియును. ఆ యెఱుకను ఆకసము చదువుటకుగాక, వచ్చిన హెచ్చరికను ఇల్లిల్లు చేర్చుటకు వినియోగింపుడని మాత్రము ప్రార్థించుచున్నాను. కొండమీది కాపరికైనను కడలియొడ్డు గొల్లకైనను కావలసినది తనవాడొకడు వచ్చి "లెమ్ము, పోదము" అనుటయే.

ఆ ముదుసలి నేడు లేడు. అతని మనుమడు మందను కాచుచున్నాడు. ఇప్పుడు హెచ్చరిక వినవచ్చినప్పుడు నేను ఆకసమువంక చూడను. చేతికఱ్ఱ పుచ్చుకొని, ముందుగా గొల్లపేటకు పోవుదును.

స్వస్తి.